తల్లులు బయట

మా ఆసుపత్రిలో పిల్లల టీకా సూదుల గది తలుపుకు తగిలించిన అట్టముక్క నాదే. "తల్లులు బయట" అని ఎర్ర సిరాతో పెద్ద అక్షరాలు రాసి మేకు కొట్టాను. తండ్రుల గురించి రాయలేదు. సూది అనగానే వాళ్లు ఎవరూ చెప్పకుండానే బయట ఉంటారు.

నా పద్ధతి చాలా తేలిక. గుమ్మం దగ్గర పిల్లను అందుకుంటాను, తలుపు వేస్తాను. రెక్సిన్ పరిచిన బల్లమీద వెల్లకిలా పడుకోబెట్టి, ఎడమ చేత్తో రెండు కాళ్లూ కలిపి అదిమిపట్టి, కుడిచేత్తో పని కానిస్తాను. ఏడుపు వీధిలోకి వినబడేలోగా తలుపు తీసి పిల్లను తల్లి చేతిలో పెడతాను. ఏడిపించడం నా వంతు, ఓదార్చడం తల్లి వంతు. పిల్ల కళ్లకు నేను రాక్షసిని, ఆమె దేవత. ఇంతకంటే తల్లులకు చేయగల ఉపకారం ఏముంది? ఒక్కతికి కూడా ఇది బుర్రకెక్కలేదు. పైగా నాకు కందిరీగ అని పేరు పెట్టారు. ముద్ద మింగని పిల్లలను "కందిరీగను పిలవనా?" అని బెదిరిస్తారు. ఈ చుట్టుపక్కల వీధుల్లో సగం మంది నా పేరు మీద కడుపు నింపుకుని పెద్దవాళ్లయ్యారు. విశ్వాసం మాత్రం ఎవరికీ లేదు.

ఇలా ఉండగా ఆ కొత్త నర్సు వచ్చింది. కొత్త ఒక వింత, పాత ఒక రోత అని ఊరికే అనలేదు పెద్దలు. మాట దూది, నడక దూది, నవ్వు కూడా దూదే. అందుకని దూదమ్మ అని పేరు పెట్టాను. ఆ పేరు విని కూడా నవ్వింది. అలాంటి మనుషులతో పోట్లాడటం ఎంత కష్టమో పోట్లాడేవాళ్లకే తెలుస్తుంది.

వచ్చిన వారంలోనే ఆమె గదిలోకి చేతుల్లేని కుర్చీ ఒకటి, పొట్టి స్టూలు ఒకటి తెచ్చింది. తల్లి కుర్చీలో కూర్చోవాలట. పిల్లకు రొమ్ము అందించాలట. పిల్ల బాగా కుదురుకుని గుటకలు వేస్తున్నప్పుడు ఈమె పొట్టి స్టూలు మీద పక్కన కూర్చుని తొడకు సూది వేస్తుందట. రెండు సూదులుంటే నొప్పి తక్కువది ముందు, మంటపెట్టేది తర్వాత. పాలివ్వడం కుదరని తల్లులుంటే పిల్ల నాలుక మీద నాలుగు చుక్కలు పంచదార నీళ్లు వేస్తుంది. పిల్లను పడుకోబెట్టి అదమడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ కూడదట.

"పాలు తాగే పిల్లకు సూది గుచ్చితే పొరపోదా? ఊపిరాడకపోతే ఎవరు పూచీ?" అన్నాను డాక్టరమ్మ ముందరే.

"అలా జరగలేదమ్మా. చాలామంది పిల్లల మీద చూశాకే చెప్పారు," అంది దూదమ్మ. "మందూ మాకూ లేకుండానే నొప్పి తగ్గుతుంది. తల్లి ఒంటి వెచ్చదనం ఒకటి, పాలు ఒకటి, నోరు కదలడం ఒకటి. మూడూ కలిసొస్తాయి."

"నొప్పి తెలియకుండా పెంచితే రేపు వీళ్లు లోకంలో ఎలా బతుకుతారు?"

"నొప్పి సంగతి లోకం చూసుకుంటుందిలెండి. మనం కూడా ఎందుకు?" అంది. మళ్లీ అదే నవ్వు.

డాక్టరమ్మ తలూపింది. నా వైపు కాదు. ఆ రోజు నుంచి ఆమెకొక రోజు, నాకొక రోజు అని గది పంచారు. ఆమె రోజున వరస గేటు దాకా ఉంటుంది. నా రోజున బల్ల మీద ఈగలు వాలతాయి. నా రోజు రాగానే ఆ కుర్చీనీ స్టూలునూ తన్ని మూలకు తోస్తాను. ఆమె రోజు రాగానే అవి మళ్లీ మధ్యలోకి వచ్చి కూర్చుంటాయి.

ఇక నా కోడలి సంగతి. అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అంటారు. మేమిద్దరం ఒక ఇంట్లో ఉన్నంతకాలం ఆ ఇంట్లో ఉత్తమురాలూ లేదు, గుణవంతురాలూ లేదు. అది పుట్టి పెరిగింది ఈ వీధుల్లోనే. చిన్నప్పుడు దానికి సూదులన్నీ వేసింది నేనే. మావాడు ప్రేమించానంటూ ఇంటికి తీసుకొచ్చిన రోజు, నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. "భయపడకమ్మాయ్, ఇవాళ సూది లేదు," అన్నాను. హాస్యానికే. అది నవ్వలేదు. అక్కడే మొదలైంది.

మనవరాలు పుట్టింది. నెల తిరక్కుండానే తేల్చి చెప్పాను, దీనికి పాలు చాలవని. పిల్ల పొద్దస్తమానం రొమ్ము పట్టుకునే ఉండేది, దించితే ఏడ్చేది. కడుపు నిండితే పిల్ల ఎందుకేడుస్తుంది? నేను చెబితే కోడలు గోడలా నిలబడింది. అందుకని అది స్నానానికి వెళ్లినప్పుడల్లా డబ్బాపాలు కలిపి సీసాతో పట్టడం మొదలుపెట్టాను. పిల్ల సుబ్బరంగా తాగి నిద్రపోయేది. కోడలు తల తుడుచుకుంటూ వచ్చి, తన పాలకే పిల్ల పడుకుందనుకుని మురిసిపోయేది. పోనీలే పాపమని నేను కూడా ఏమీ అనేదాన్ని కాదు. ఒక రోజు స్నానం మధ్యలో కుళాయి ఆగిపోయింది. అది ఒంటి నిండా సబ్బు నురగతో, తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చింది. సీసా పిల్ల నోట్లో ఉంది.

అరిచి ఉంటే బాగుండేది. అరిస్తే నేనూ అరిచేదాన్ని, ఇద్దరం కడుపులో ఉన్నది కక్కేసుకునేవాళ్లం. అది ఏమీ అనకుండా సీసా తీసుకుని మూత విప్పి, పాలు సింకులో వంచింది. ఆ వారమే రెండు గదుల అద్దె ఇంటికి మారిపోయారు. మావాడు మంచం విప్పి పట్టెలు మోసుకెళ్తూ, "కొన్నాళ్లేలే అమ్మా," అన్నాడు. అప్పటినుంచి నా మనవరాలిని నేను ఎత్తుకోలేదు. ఒకసారి బజారులో కోడలి భుజం మీదుగా ఇటు చూస్తుంటే కనబడింది. ఇంకోసారి మావాడి ఫోనులో చూశాను. పిల్లను చూడ్డానికి వస్తానంటే "పడుకుంది" అంటారు. పగలూ రాత్రీ పడుకునే పిల్ల లోకంలో ఎక్కడైనా ఉంటుందా?

ఆ రోజు దూదమ్మది. కాని వాళ్ల పిల్లాడికి జ్వరమొచ్చి సెలవు పెట్టింది. నన్ను పిలిపించారు. వరస గేటు దాకా ఉంది. తలుపు తీసిన నన్ను చూసి ఆ వరస మొహాలన్నీ ఒక్కసారి ముడుచుకున్నాయి. కొందరు అప్పుడే సంచులు సర్దుకున్నారు. పోయేవాళ్లను పోనిచ్చి, మిగిలినవాళ్లను ఒక్కొక్కరినే పిలిచాను. మధ్యాహ్నానికి పలచబడింది. అప్పుడు తలెత్తి చూస్తే, బెంచీ చివర మావాడు. ఒళ్లో సంచి. పక్కన కోడలు, దాని భుజం మీద నా మనవరాలు.

"ఆ నర్సుగారు లేరా?" అంది కోడలు, ఎవరో దారిన పోయేదాన్ని అడిగినట్టు.

"లేదు. నేనున్నాను. కళ్లకు ఆనడం లేదా?"

"అయితే ఇంకోరోజు వస్తాం." లేవబోయింది.

"జలుబని ఒకసారి వెనక్కెళ్లారు. ఇప్పటికే ఆలస్యమైంది. ఊళ్లో కోరింత దగ్గు తిరుగుతోంది. నీ ఇష్టం."

నేను అబద్ధం చెప్పలేదు. ఆ మాట దానికీ తెలుసు. మావాడి మొహం చూసింది. మావాడు సంచి జిప్పు చూశాడు. వాడి బతుకంతా రెండు పడవల మీద కాళ్లే.

"సరే. లోపలికి వస్తాను," అంది. "కుర్చీలో కూర్చుని పాలిస్తాను. తాగుతుండగా వెయ్యండి. పోయినసారి ఆవిడ అలాగే వేశారు."

"బోర్డు చదవడం వచ్చా?"

"వచ్చు. మా అమ్మ ఇదే తలుపు బయట నిలబడేదట. నా ఏడుపు గేటు దాకా వినబడేదని ఇప్పటికీ చెబుతుంది."

"ఏడిస్తే ఏమైంది? బతికావుగా. నోరు కూడా బాగానే పెరిగింది."

"అత్తయ్యా, దాన్ని పడుకోబెట్టి అదమద్దు. అంతే అడుగుతున్నాను. ఇందులో మీకు పోయేదేముంది?"

ఏం పోతుందో దానికి తెలియకపోవడమేమిటి, బాగా తెలుసు. ఆ కుర్చీ పద్ధతిలో పిల్ల తల్లి ఒడి దిగదు. నర్సు పిల్లను ఎత్తుకోనే ఎత్తుకోదు. నా పద్ధతిలో అయితే, గుమ్మం దగ్గర నుంచి బల్ల దాకా, బల్ల దగ్గర నుంచి గుమ్మం దాకా పిల్ల నాది. నాకు కావలసింది అదే. నా మనవరాలిని ఒక్కసారి ఎత్తుకోవాలి. అడిగితే ఇవ్వదు, అడగడానికి నాకు నోరు రాదు. ఇంక నాకున్న దారి ఆ అట్టముక్క ఒక్కటే.

అందుకే అనకూడని మాట అన్నాను. బెంచీ మీద ఉన్నవాళ్లందరూ వింటుండగా అన్నాను.

"పాలిస్తావా? ఉంటేగా."

కోడలి మొహం తెల్లబడింది. పక్కనున్న ఆవిడ తన పిల్లను ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. మావాడు లేచి, "ఎందుకే గొడవ, ఒక్క నిమిషం పనేగా, ఇచ్చెయ్," అన్నాడు పెళ్లాంతో. నాతో ఏమీ అనలేదు. కోడలు వాణ్ణి చూసిన చూపుకు పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. ఆ తర్వాత పిల్లను భుజం మీంచి దించి, రెండు చేతులా ముందుకు చాపింది.

"తీసుకోండి," అంది. "గెలిచారు."

అందుకుని తలుపు వేసుకున్నాను.

బరువు పెరిగింది. మెడ నిలిచింది. ఎడమ చెవి తమ్మె మావాడి చెవిలాగే కొద్దిగా లోపలికి మడిచి ఉంది. ఫోనులో అది కనబడలేదు. నా కళ్లజోడు తాడు పట్టుకుని లాగింది, నేను తల వంచితే చిగుళ్లు చూపించి నవ్వింది. నేనెవరో తెలియని నవ్వు. తెలియదు కాబట్టే నవ్వింది. గదిలో ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచాను. ఏవో పిచ్చి కూతలు కూశాను. ఆ గదిలో నా నోట అలాంటి కూతలు ఎప్పుడూ రాలేదు. మందుల పెట్టె చూపించాను, గడియారం చూపించాను. మూలనున్న కుర్చీ మాత్రం చూపించలేదు.

తలుపు మీద దబదబా కొట్టింది కోడలు. "ఏం చేస్తున్నారు?"

"మందు తీస్తున్నాను."

మందు ఎప్పుడో తీసిపెట్టాను. రెండు సూదులూ పళ్లెంలో సిద్ధంగా ఉన్నాయి.

ఇంక తప్పదని పడుకోబెట్టాను. ఎడమ చేత్తో కాళ్లు కలిపి పట్టుకున్నాను. అది ఆటనుకుంది. ఇంకా నవ్వుతూనే ఉంది, కాళ్లు తన్నడానికి చూస్తోంది. చేతికి ముందు అందిన సూది తీసుకుని వేశాను. నొప్పి తక్కువది అదే.

నవ్వు ఆగింది. నోరు తెరుచుకుంది, శబ్దం రాలేదు. కళ్లు నా మొహం మీదే ఉన్నాయి. ఇన్నేళ్లలో ఎంతమందికి వేశానో, ఆ చూపు మాత్రం ఎప్పుడూ చూడలేదు. ఎందుకంటే ఇన్నేళ్లూ నేను తొడనే చూశాను. ఆ రోజు బుద్ధి గడ్డి తిని మొహం చూశాను. అప్పుడు వచ్చింది ఏడుపు.

రెండో సూది వెంటనే వేసెయ్యాలి. ఎప్పుడైనా అంతే చేస్తాను. చెయ్యి పళ్లెం దాకా వెళ్లి ఆగిపోయింది. పిల్లను ఎత్తి గుండెకు అదుముకున్నాను. "లేదమ్మా, లేదు, అయిపోయింది, నాయనమ్మను," అంటున్నాను. నా పద్ధతిలో ఓదార్పు నా వంతు కాదు, ఆ సంగతి మరిచాను. అది విల్లులా వెనక్కి వంగిపోయింది. రెండు చేతులతో నా మొహాన్ని తోసింది. గుక్క పట్టి నీలం తిరుగుతోంది. నేను ఎంత దగ్గరికి తీసుకుంటే అంత ఏడ్చింది. రాక్షసి దగ్గర ఓదార్పు ఎవరు తీసుకుంటారు?

తలుపు తోసుకుని కోడలు వచ్చింది. పిల్లను లాక్కుంది. పిల్ల దాని మెడను రెండు చేతులతో కరుచుకుంది.

"అయ్యాయా?"

"ఒకటే అయింది."

"ఒకటేనా?" అంది. "ఇంతసేపు గదిలో ఉంచుకుని ఒకటేనా వేశారు?"

అది పళ్లెం చూసింది, వంకరగా ఉన్న నా కళ్లజోడు చూసింది, నా చేతులు చూసింది. తిడుతుందనుకున్నాను. దానికి అంతకంటే పెద్ద పని ఉంది. మూలకు వెళ్లి ఆ చేతుల్లేని కుర్చీని కాలితో మధ్యకు ఈడ్చింది. కూర్చుంది. వెక్కిళ్లు పెడుతున్న పిల్లను ఒంటికి ఆనించుకుని రొమ్ము అందించింది. పిల్ల పట్టుకుంది, వదిలింది, మళ్లీ పట్టుకుంది.

"మంటపెట్టేది మిగిలింది," అన్నాను. "కాస్త గట్టిగా పట్టుకో—"

పిల్ల రొమ్ము వదిలేసి గొల్లుమంది.

"మీరు మాట్లాడకండి," అంది కోడలు.

"నేను ఏమన్నానని—"

మళ్లీ గొల్లుమంది. కోడలు నా వైపు తలెత్తి చూసింది. ఆ చూపులో కోపం కూడా లేదు. ఉన్న మాట చెప్పింది.

"మీ గొంతు గుర్తుపట్టింది అత్తయ్యా."

నా నోటికి ఈ ఆసుపత్రి మొత్తం వణుకుతుంది. డాక్టరమ్మ కూడా నాతో మాట్లాడేముందు గొంతు సవరించుకుంటుంది. ఆ నోరు మూసుకున్నాను. పొట్టి స్టూలు తెచ్చుకుని, పిల్లకు కనబడకుండా దాని వీపు వైపు నుంచి వచ్చి కూర్చున్నాను. మోకాళ్లు కీచుమన్నాయి. అంత కిందికి నేను ఆ గదిలో ఎప్పుడూ కూర్చోలేదు. కోడలి మోచెయ్యి నా నుదుటికి తగిలేంత దగ్గర. అది పక్కకు జరగలేదు, నేనూ జరగలేదు.

పిల్ల వెక్కిళ్లు నెమ్మదించాయి. గుటకలు మొదలయ్యాయి. ముందు చిన్నవి, తర్వాత వరసగా, పెద్దవి. అంత దగ్గర కూర్చుంటే వినబడక ఏమవుతుంది? పెదవి కొసన పాలు పొంగి గడ్డం మీదికి కారాయి. చాలని పాలు అలా కారవు. ఇన్నేళ్ల నర్సునై ఉండి, నా ఇంట్లో, నా పక్క గదిలో, ఒక్కరోజైనా ఇలా దగ్గర కూర్చుని ఈ చప్పుడు వినలేదు. వినకుండానే తీర్పు చెప్పాను, సీసా పట్టాను. కోడలు నా నెత్తి మీదుగా గోడను చూస్తోంది. నేను విన్నానని దానికి తెలుసు.

కళ్లతో అడిగాను, వెయ్యనా అని. తలూపింది.

తొడను చేతిలోకి తీసుకున్నాను. అదమలేదు, ఊరికే పట్టుకున్నాను. మంటపెట్టే సూది వేశాను. ఒళ్లు ఒక్కసారి ఉలిక్కిపడింది. గుటక ఆగింది. ముక్కులోంచి "ఊఁ" అని ఒక చిన్న మూలుగు వచ్చింది. తల్లి బట్టను పట్టుకున్న పిడికిలి బిగిసింది. కోడలు ఊగలేదు, వీపు మీద చెయ్యి మాత్రం అలాగే ఉంచింది. కాసేపటికి పిడికిలి సడలింది. మళ్లీ గుటక పడింది, ఆ వెనకే ఇంకొకటి.

బయట బెంచీ మీద ఎవరో, "ఏంటి, ఇంకా వెయ్యలేదా?" అంటున్నారు.

సూది డబ్బాలో వేసి, సూది దిగిన చోట దూది పెట్టి వేలితో పట్టుకున్నాను. అది కూడా పనిలో భాగమే. పిల్ల కళ్లు మూతలు పడుతున్నాయి.

"మీరన్న మాట బయట అందరూ విన్నారు," అంది కోడలు, గొంతు పెంచకుండా, పిల్లను చూస్తూ. "నేను మరిచిపోను."

తలూపాను.

"ఇకమీదట ఆవిడ ఉన్న రోజు కనుక్కునే వస్తాం. మీరున్న రోజు రాము."

దానికీ తలూపాను. చెప్పడానికి చాలా ఉంది. నోరు తెరిస్తే పిల్ల లేస్తుంది.

నా వేలు దూది మీద ఉంది. మిగతా చెయ్యి పిల్ల తొడ చుట్టూ ఉంది. వెచ్చగా ఉంది, నిద్రలో కాలు బరువంతా నా అరచేతిలో వాల్చింది. ఎవరిదో తెలియని చెయ్యి కాబట్టి వాల్చింది. ఆ పూట నా మనవరాలిలో నాకు దక్కిన భాగం అంతే.

"రక్తం ఆగలేదా?" అంది కోడలు.

దూది కొంచెం ఎత్తి చూశాను. ఆవగింజంత ఎర్ర చుక్క, ఎప్పుడో ఆరిపోయింది. కోడలు కూడా వంగి చూసింది. దానికీ రెండు కళ్లున్నాయి.

ఆగలేదని తల అడ్డంగా ఊపాను.

బయట మావాడు తలుపు దగ్గరికొచ్చి "అయిందా?" అన్నాడు. కోడలు వాడికి జవాబివ్వలేదు. నా మొహం చూడకుండా, గోడ వైపే చూస్తూ అంది.

"అయితే ఆగేదాకా పట్టుకోండి."